ప్రశ్నలు - జవాబులు: మూడు కన్నుల సాక్షి

కారు ముందరి అద్దమునకు అమర్చుకొను డాష్‌క్యామ్‌లను గూర్చి, వానిలోను ముందు వెనుకలతోపాటు బండి లోపలిభాగమును కూడ ఏకకాలమున చిత్రించు మూడు కెమెరాల పరికరములను గూర్చి, ఇటీవల పాఠకులనుండి పెక్కు లేఖలు వచ్చియున్నవి. ఒకే విషయమును పలువురు అడిగినచోట ఒక లేఖనే తీసికొని, ఈ పర్యాయము ఈ శీర్షికను పూర్తిగా వానికే కేటాయించుచున్నాను.

ప్రశ్న: మీరు ఈమధ్య మూడు కెమెరాల డాష్‌క్యామ్ పెట్టించుకున్నారని తెలిసింది. కొత్తలో ఎలా అనిపించింది? ఇంత డబ్బు పెట్టడం దండగ కాదు కదా?
— బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

జవాబు: దండుగ కాదు. అయితే పెట్టె విప్పి, తీగ తగిలించి, దీపము వెలుగగానే పని ముగిసినదని తలంచువారికి ఆ సొమ్ము ఫలింపదు. మొదటి వారమున దానియెడల చూపు శ్రద్ధయే తరువాతి సంవత్సరములందు అక్కఱకు వచ్చును.

పగటివేళ చిత్రము నేను ఆశించినదానికంటె మేలుగా నున్నది. బందరు రోడ్డు మీద సిటీబస్సును ఒరసికొని ముందునకు దూసికొనివచ్చిన ఆటో నెంబరు, దాని వెనుకరేకు మీది రంగుల అక్షరములు, డ్రైవరు చేయి చాపి చేసిన సంజ్ఞ, అన్నియు స్ఫుటముగ కనబడినవి. అయినను నన్ను ఆశ్చర్యపఱచినది ముందరి కెమెరా కాదు, వెనుకది. బండి నడపువాడు ముందు జరుగుదానిని ఎట్లును చూచుచునే యుండును. కాని తన వెనుక ఎంత దగ్గఱగా లారీ వెన్నంటి వచ్చుచున్నదో, కూడలిలో బ్రేకు వేసిన ప్రతిమారు ఎడమవైపు ఇఱుకునుండి ఎన్ని మోటారు సైకిళ్లు చొచ్చుకొని వచ్చుచున్నవో, ఇంటికి వచ్చి నింపాదిగా ఆ దృశ్యములు చూచుకొన్నప్పుడుగాని తెలిసిరాదు. లోపలి కెమెరా చీకటిపడిన పిమ్మట కంటికి కానరాని పరారుణకాంతిని ప్రసరింపజేసి నలుపు తెలుపులలో చిత్రించును. ప్రక్కకిటికీల అవతల జరుగునది కూడ కొంత దాని చూపునకు అందును గనుక, ప్రక్కనుండి గుద్దిన సందర్భములందు అది యొక్కటియే ఆధారము కావచ్చును.

రాత్రి సంగతి వేఱు. 4కె చిత్రమున సుమారు 83 లక్షల బిందువులుండును, ఫుల్ హెచ్‌డీ చిత్రమున సుమారు 20 లక్షల 70 వేలు. కనుక మొదటిది నాలుగు రెట్లు సూక్ష్మమైనదనుట గణితరీత్యా నిజము. కాని ఆ బిందువులన్నియు విశాలమైన రోడ్డు నంతటిని పఱచుకొనవలసియున్నందున, ఒక నెంబరుపలకకు దక్కునవి స్వల్పము. దానికి తోడు, వెలుతురు చాలనప్పుడు కెమెరా ఒక్కొక్క చిత్రమునకు ఎక్కువ వ్యవధి తీసికొనును. ఆ వ్యవధిలో ఎదుటిబండి కదలిపోయి అంకెలు అలికినట్లగును. 2019 ఏప్రిల్ 1 నుండి క్రొత్తబండ్లకు తప్పనిసరి చేసిన హై సెక్యూరిటీ పలకలు మన దీపముల కాంతిని తిరుగగొట్టునట్టివి గనుక, సమీపమునకు వచ్చినకొలది పలక తెల్లని వెలుగుముద్దగా మాఱును. సోనీ స్టార్విస్ 2 వంటి నేటి సెన్సార్లును, హెచ్‌డీఆర్ అను సదుపాయమును ఈ లోపమును తగ్గించినవేగాని తొలగింపలేదు.

దీనికి ఖర్చులేని ఉపాయ మొకటి కలదు. ఏ బండియైనను మిమ్ము గుద్ది పాఱిపోవుచున్నచో, మీ కంటికి అందిన నెంబరును, బండి రంగును, అది మఱలిన దిక్కును బిగ్గఱగా చదువుడు. కెమెరా చూడలేనిదానిని మైకు వినును.

ఇట్టి యంత్రములు మనము కోరినదానినే కాక కోరనిదానిని కూడ పట్టియుంచును. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరముపై ఉల్క బ్రద్దలైనప్పుడు లోకమంతయు చూచిన దృశ్యములలో పెక్కు, ఉదయము పనులకు పోవుచున్న సామాన్యుల కార్లలోని డాష్‌క్యామ్‌లు చిత్రించినవే.

ప్రశ్న: మా ఊరి ఎండల సంగతి మీకు తెలిసిందే. బడి దగ్గర నీడ లేదు, కారు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలోనే ఉంటుంది. కెమెరా పాడైపోదా?
— ఉపాధ్యాయుడు, రెంటచింతల

జవాబు: ఆంధ్రదేశమున ఈ ప్రశ్న అడుగు అధికారము మీ ఊరికి మించి ఏ ఊరికిని లేదు. మూసియుంచిన కారులో మే నెల మధ్యాహ్నమున వేడిమి 60 డిగ్రీల సెల్సియస్ దాటుట వింత కాదు. అద్దమునకు అంటుకొనియుండు పరికరము అంతకంటెను కాగును. కావున కొనునప్పుడు ఎన్ని బిందువుల చిత్రమని అడుగుటకు ముందే, లోపల ఉన్నది లిథియమ్ బ్యాటరీయా, సూపర్ కెపాసిటరా అని అడుగుడు. బ్యాటరీ ఎండకు ఉబ్బి, పెట్టెను పగులదీయును. కెపాసిటరు ఆ వేడిని చాలవఱకు ఓర్చుకొనును. దాని పని స్వల్పమే: ప్రమాదమున తీగ తెగినను, జరుగుచున్న ఫైలును మూసి భద్రపఱచుటకు చాలినన్ని క్షణములు విద్యుత్తు నందించుట. ఆ క్షణములే మనకు కావలసినవి.

అంటించుటలోను ఓపిక వలయును. అద్దమును స్పిరిటుతో తుడిచి, తడి పూర్తిగా ఆరిన పిమ్మట, ఎండ తగులని వేళ, జిగురుపట్టీని అరనిమిషము గట్టిగా అదిమి, కెమెరాను మఱునాటివఱకు దానికి తగిలింపకుండుట మంచిది. స్థలము వెనుకచూపు అద్దము మాటున, డ్రైవరు చూపునకు అడ్డురాక, వైపరు తుడుచు మేరలో ఉండవలెను. వైపరు అందనిచోట అమర్చిన కెమెరా శ్రావణమాసమంతయు నీటిచుక్కలనే చిత్రించును. అద్దపు టంచున నుండు నల్లచుక్కల పట్టీ మీద జిగురు నిలువదు. వెనుక అద్దమునకైతే, మంచును కరిగించు సన్నని తీగలమీద అంటింపరాదు. పిదప ఊడదీయుటలో ఆ తీగలు లేచివచ్చును. ఆ అద్దమునకు నల్లఫిల్ము ఉన్నచో వెనుక కెమెరా రాత్రివేళ గ్రుడ్డిదగును. అసలు వెనుక అద్దమునుండి కనీసము 70 శాతము వెలుతురు ప్రసరింపవలెనని కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని 100వ నియమమే చెప్పుచున్నది.

ఇంకొక చిన్నమాట. డాష్‌బోర్డు మీద వినాయకుని ప్రతిమయు, తెల్లని లేసుగుడ్డయు ఉన్నచో వాని నీడ అద్దమున ప్రతిఫలించి చిత్రములో తేలియాడును. ప్రతిమను తీయ నక్కఱలేదు. తెల్లగుడ్డను మాత్రము ముదురురంగు గుడ్డగా మార్చిన చాలును. ఈ ప్రతిబింబములను అణచుటకు కటకమునకు తొడుగు పోలరైజింగు ఫిల్టరు లభించును గాని, అది రాత్రివేళ కొంత వెలుతురును హరించును.

ప్రశ్న: కారు ఆపి ఉన్నప్పుడు కూడా రికార్డు చేసేలా పెట్టించమని మా అబ్బాయి అంటున్నాడు. బ్యాటరీ దిగిపోతుందని మావారి భయం. మెకానిక్ ఏమో రెండు వైర్లు కోయాలంటున్నాడు.
— గృహిణి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీవారి భయము నిరాధారము కాదు, మీ అబ్బాయి కోరికయు అసంగతము కాదు, మెకానిక్కు మాటను మాత్రము వినవలదు. ఒక్క తీగయు కోయ నక్కఱలేదు. పార్కింగు మోడుకొఱకు అమ్ము హార్డ్‌వైర్ కిట్టులో మూడు తీగలుండును: ఎల్లప్పుడు విద్యుత్తు ప్రవహించు ఫ్యూజునకు ఒకటి, తాళము త్రిప్పినప్పుడు మాత్రమే ప్రవహించు ఫ్యూజునకు ఒకటి, బండి లోహమునకు బోల్టుతో బిగించు ఎర్తు ఒకటి. మొదటి రెంటిని ఫ్యూజుబాక్సులో ఫ్యూజ్ ట్యాప్ అను చిన్నసాధనముతో తగిలించిన, వైరు కోయుట లేదు, కంపెనీవారితో వారంటీ కలహమునకు చాలవఱకు తావు లేదు.

బ్యాటరీ లెక్క మీరే వేసికొనవచ్చును. కెమెరా 5 వాట్లు వాడునదనుకొన్న, 12 వోల్టుల వద్ద అది 0.4 ఆంపియరునకు కొంచె మెక్కువ. ఒక రాత్రి పది గంటలకు సుమారు 4 ఆంపియర్-అవర్లు. చిన్నకార్లలో సాధారణముగ నుండు 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి ఇది బరువు కాదు. కాని మీరందఱు మూడు నాలుగు దినములు ఊరికి పోయి బండి నింట నుంచితిరా, తిరిగివచ్చునప్పటికి అది స్టార్టు కాదు. దీనికై కిట్టులోనే వోల్టేజి హద్దు నిర్ణయించు ఏర్పాటుండును. నిండుగ ఛార్జయిన బ్యాటరీ నిలుకడగ నున్నప్పుడు 12.6 వోల్టుల పైబడి చూపును, 12.2 వద్ద సగము తఱిగినట్లు. పాతబడిన బ్యాటరీ అయినచో హద్దు అంతకు దిగనీయకుడు. ఆ హద్దు చేరగానే కెమెరా తనంతట తానే ఆగిపోవును.

అన్నిటికంటె ముఖ్యమైనది తీగ పోవు దారి. ముందరి అద్దమునకు ఇరుప్రక్కలనున్న స్తంభముల లోపల, పైకప్పు అంచు వెంబడి, నేటి పెక్కు కార్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగు మడిచియుంచబడును. తీగను దానికి అడ్డముగ పోనిచ్చినచో, ప్రమాదక్షణమున అది విచ్చుకొనుటకు ఆటంకము కలుగవచ్చును. తీగ ఎయిర్‌బ్యాగునకు వెనుకవైపుగ, బండిలోని తీగలకట్టతో కలిపి కట్టబడవలెను. ఎయిర్‌బ్యాగు ఫ్యూజును ముట్టరాదు. ప్రాణమును కాపాడు సాధనమునకు, సాక్ష్యము చెప్పు సాధనము ఎన్నడు అడ్డురారాదు. ఈ మాట మెకానిక్కుతో ముందే చెప్పి, అమర్చునప్పుడు మీవారిని ప్రక్కనే నిలిచియుండుమనుడు.

ప్రశ్న: నేను క్యాబ్ నడుపుతాను సార్. ఒక బైకు వచ్చి గుద్దింది. తప్పు నాది కాదు. తీరా చూస్తే ఆ రోజు వీడియోనే లేదు, కార్డు నిండిపోయిందని చూపిస్తోంది. పాత వీడియోలు అవే చెరిగిపోతాయన్నారు కదా?
— క్యాబ్ డ్రైవరు, వరంగల్

జవాబు: పాతవి చెరిగి క్రొత్తవి వ్రాయబడుట నిజమే. కాని మీ కార్డు నిండుటకు కారణము మీ ఊరి స్పీడుబ్రేకర్లై యుండునని నా అనుమానము. కెమెరాలో కుదుపును గ్రహించు జీ సెన్సారు ఒకటుండును. గట్టి కుదుపు తగులగానే అది ప్రమాదమని భావించి, ఆ నిమిషపు ఫైలును చెరిగిపోకుండ తాళమువేసి ఉంచును. ఈ సెన్సారు తీక్ష్ణతను ఎక్కువగ నుంచినచో మన రోడ్ల మీది ప్రతి గుంటయు, ప్రతి ఎత్తును దానికి ప్రమాదముగనే తోచును. తాళముపడిన ఫైళ్లు పేరుకొని, కొన్ని పరికరములలో క్రొత్తవానికి చోటే మిగులదు. సెట్టింగులలో దానిని కనిష్ఠస్థాయికి దింపుడు. నిజముగ గట్టిగ గుద్దుకొన్నప్పుడు ఆ స్థాయిలోను అది గ్రహించును.

కార్డు విషయము ఇంకను గ్రహింపదగినది. మూడు కెమెరాలు కలిసి సెకనుకు సుమారు 50 మెగాబిట్ల వంతున వ్రాసినచో గంటకు 22 జీబీకి పైబడును. అనగా 128 జీబీ కార్డు అయిదున్నర గంటలలో నిండి, మఱల మొదటినుండి వ్రాయబడుచుండును. మీరు హైదరాబాదులో బయలుదేరి విజయవాడ చేరి భోజనము చేయునప్పటికి బయలుదేరినప్పటి దృశ్యములు మాయమగుచుండును. రోజంతయు బండి నడుపు మీవంటివారి కార్డు దినమునకు రెండు మూడు మారులు ఆసాంతము తిరుగవ్రాయబడును. ఫోనులకై చేసిన మామూలు కార్డు ఈ చాకిరికి తట్టుకొనలేదు. హై ఎండ్యూరెన్స్ అని ముద్రించిన కార్డునే, నమ్మకమైన దుకాణమున బిల్లుతో కొనుడు. చవుకగ దొఱకువానిలో నకిలీలు మెండు. నెల కొకమారు కెమెరాలోనే ఫార్మాట్ చేయుడు.

వారమున కొకనాడైనను, మూడు కెమెరాల ఫైళ్లను ఒక్కొక్కటి తెఱచి చూడుడు. ఫోనును కెమెరా వైఫైకి కలిపినప్పుడు, దానిలో ఇంటర్నెట్టు లేదని ఫోను తనంతట తానే మొబైల్ డేటాకు మఱలిపోవును; చాలమంది యాప్ పనిచేయుట లేదని విసుగుచెందునది ఇచ్చటనే. డేటాను కొంతసేపు ఆపి చూచిన అంతయు సరిపోవును. వీధిదీపములు చిత్రములో మిణుకుమిణుకుమన్నచో ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్‌కు మార్చుడు. మన దేశపు విద్యుత్తు ఫ్రీక్వెన్సీ అది.

లోపలి కెమెరా ఎక్కినవారి మొగములను, మాటలను గ్రహించును గదా. మీ బండిలో కెమెరా కలదని తెలుగులోను, ఆంగ్లములోను వ్రాసి ముందరి సీటు వెనుక అంటింపుడు. ధ్వనిని రికార్డు చేయవలదని ప్రయాణికులు కోరినచో కట్టివేయుడు. భార్యాభర్తలు తమ ఇంటికష్టములు మాట్లాడుకొనుచుండగా, వారికి తెలియకుండ ఒక యంత్రము వినుచుండుట న్యాయము కాదు. ఆ ముక్కలను తరువాత పదుగురికి పంపి నవ్వుకొనుట నీచము.

ప్రశ్న: ఈ వీడియో కోర్టులో చెల్లుతుందా? వాట్సాప్‌లో పంపితే చాలదా?
— వ్యాపారి, నెల్లూరు

జవాబు: చెల్లును, పద్ధతిగ సమర్పించినచో. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ విభాగము ఎలక్ట్రానిక్ రికార్డుల ప్రతులను సాక్ష్యముగ గ్రహించుటకు ఒక సర్టిఫికెట్టును కోరును. ఏ పరికరమునుండి తీసినది, ఎట్లు తీసినది తెలుపుటయేగాక, ఫైలునకు వ్రేలిముద్రవంటిదైన హ్యాష్ విలువను కూడ అందు పేర్కొనవలయును. ఒక భాగమును సమర్పించువారును, మఱియొక భాగమును నిపుణుడును నింపుదురు. పూర్వపు సాక్ష్యచట్టములోని 65బి విభాగము క్రింద ఇట్టి సర్టిఫికెట్టు తప్పనిసరి యని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో స్పష్టము చేసియున్నది.

కనుక కార్డును తీసి, కవరులో పెట్టి, తేదీ వ్రాసి, దానిని ముట్టక, నకలు మాత్రము వాడుడు. వాట్సాప్ వీడియోను సాధారణముగ కుదించివేయును. కుదించిన ఫైలు హ్యాష్ విలువ అసలుదానితో సరిపోలదు. కత్తిరింపులు, పాటలు, బాణపు గుర్తులు వలదు. కెమెరా గడియారము మన కాలమానమునకు, అనగా గ్రీనిచ్ కాలమునకు 5 గంటల 30 నిమిషములు ముందుగ, ఉన్నదో లేదో కొన్ననాడే చూడుడు. పగటి ప్రమాదమునకు తెల్లవారుజామునాటి ముద్ర పడిన వీడియోను ఎదుటి వకీలు వదలిపెట్టడు. జీపీఎస్ ఉన్న కెమెరా మీ వేగమును కూడ చిత్రము మీదనే వ్రాయును. అది మీకు ప్రతికూలముగ నున్నను చెఱుపరాదు. తనకు అనుకూలమైనంతవఱకే సత్యము కావలెననువాడు ఈ పరికరము కొనకుండుటయే మేలు.

ప్రశ్న: ఇక్కడ కారులో పెట్టుకోవడానికి నియమాలేమైనా ఉన్నాయా?
— సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: కలవు. ఆ రాష్ట్రమున అద్దము మీద ఎక్కడబడిన అక్కడ అంటింపరాదు: డ్రైవరుకు దూరపు క్రిందిమూల 7 అంగుళముల చదరములో, లేదా డ్రైవరువైపు క్రిందిమూల 5 అంగుళముల చదరములో, లేదా పై అంచున నడుమ 5 అంగుళముల చదరములో ఉండవలెను. ఆంతరంగిక సంభాషణను అందఱి సమ్మతి లేక రికార్డు చేయుట అచ్చట నేరము గనుక, మిత్రులు ఎక్కినప్పుడు ముందే చెప్పుడు, లేదా మైకు కట్టివేయుడు.

ప్రశ్న: సూర్యాపేట దాటాక మా ముందే ఒక లారీ మోటారు సైకిలును కొట్టి ఆగకుండా వెళ్లిపోయింది. నేనే 108కి ఫోన్ చేశాను. ఆయన బతకలేదని తర్వాత తెలిసింది. మా కెమెరాలో లారీ నెంబరు కనబడుతోంది. పోలీసుల జోలికి వెళ్లొద్దని నాన్నగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఇంజనీరింగ్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: నాయనా, నీకు వేఱుగ అప్పుడే ఉత్తరము వ్రాసితిని, ఇతరులకును ఉపకరించునని ఇచ్చట ముద్రించుచున్నాను.

మీ నాన్నగారి భయము ఒక తరమువారు అనుభవించి నేర్చుకొన్న భయము. సాక్షిగ పోయినవానినే నేరస్థునివలె కూర్చుండబెట్టిన కాలము ఒకటుండెను. కాని శాసనము మాఱినది. ప్రమాదబాధితులకు తోడ్పడినవారి రక్షణకై సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన తీర్పునకు పిమ్మట, మోటారు వాహనముల చట్టమున 134ఎ విభాగము చేరినది. దాని క్రింది నియమముల ప్రకారము, అట్టివారి పేరును చిరునామాను చెప్పితీరవలెనని పోలీసులు నిర్బంధింపరాదు. తమంతట తాము సాక్ష్యము చెప్పుదుమన్నచో, వారికి అనుకూలమైన వేళ, వారి ఇల్లు వంటి అనుకూలమైన చోటికి, అధికారి మామూలు దుస్తులలో వచ్చి, ఒక్కమారే విచారణ ముగింపవలెను. ఈ మాట మీ నాన్నగారికి చదివి వినిపింపుము.

ఇక ఆ మరణించినవాని ఇంటిని తలంచుకొనుము. గుద్దిన బండి ఏదో తెలియనిచో, 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న పథకము క్రింద ఆ కుటుంబమునకు దక్కునది 2 లక్షల రూపాయలు. తీవ్రముగ గాయపడి బ్రతికినవారికైతే 50 వేలు. ఆ నెంబరు తెలిసినచో, వారు మోటారు ప్రమాదముల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు పోయి, ఆయన వయస్సును, సంపాదనను, ఆయనపై ఆధారపడినవారిని లెక్కించి, లారీ యజమానినుండి, బీమా కంపెనీనుండి న్యాయమైన పరిహారము కోరగలరు. ఈ రెంటి నడుమనున్న అంతరము పిల్లల చదువంత, తలదాచుకొను ఇల్లంత. అది నీ కార్డులోని ఒక్క నిమిషపు ఫైలులో నున్నది. ఆ ఫైలునకు తాళము పడియుండకపోవచ్చును. మీ కారు ఇంక కొన్ని గంటలు తిరిగినచో అది తనంతట తానే చెరిగిపోవచ్చును.

ఈ శీర్షిక చదువువారిలో ఎవరి కెమెరాలోనైనను ఇట్టి దృశ్యము ఉన్నచో, వారికిని నా విన్నపము ఇదే: ఆ కార్డును ఈ పూటనే బండినుండి తీసి భద్రపఱచి, ప్రమాదము జరిగినచోటి పోలీసు ఠాణాకు తెలియజేయుడు.